కెమెరా అరవై నాలుగు

జగిత్యాల వైపు పల్లెల్లో వడగళ్ళ వాన పడిందనీ, వీధులన్నీ ఉప్పు ఆరబోసినట్టు తెల్లగా అయిపోయాయనీ ఎవరో గ్రూపులో వీడియో పెట్టారు. దోహా వెస్ట్ బేలోని మా టవర్ బేస్‌మెంట్ ప్యాంట్రీలో నిలబడి కరక్ చాయ్ తాగుతూ చూశాను. చూసి, పక్కన ఎవరున్నారో ఏంటో పట్టించుకోకుండా "మ్యాన్ డౌన్!" అని గట్టిగా అరిచేశాను. అరిచి, కప్పు బల్ల మీద పెట్టేసి, కడుపు పట్టుకుని నవ్వాను. ప్యాంట్రీలో ఉన్న ముగ్గురూ నా వైపు జాలిగా చూశారు. చూస్తే చూడనీ. వడగళ్ళకీ నా నవ్వుకీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. ఆయన్ని వాళ్ళెరగరు, పాపం.

ఆయన పేరు చెప్పను. చెబితే ఊరుకోడు. ఫొటో తీస్తామంటేనే స్తంభం వెనక్కి వెళ్ళిపోయే మనిషి, పేరు అచ్చులో చూసుకుంటే ఇంకేమైనా ఉందా?

మా టవర్‌లో కంట్రోల్ రూమ్ అని ఒకటుంది. కిటికీ ఉండదు, గోడ నిండా తెరలుంటాయి. లాబీలో ఎవరు తిరుగుతున్నారో, పార్కింగులో ఎవరి కారు ఎవరి కారుని గీరిందో, అన్నీ ఆ తెరల్లో కనిపిస్తాయి. పగటి డ్యూటీ అంతా ఆయన వాటి ముందే కూర్చునేవాడు. నేను అదే బిల్డింగ్ మెయింటెనెన్స్ ఆఫీసులో క్లర్కుని. రోజూ సాయంత్రం ఆయన వచ్చి రిపోర్టు చెప్పేవాడు, నేను టైపు చేసేదాన్ని. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, నాది అమలాపురం. ఇద్దరిదీ తెలుగే. కాకపోతే మొదటి నెలంతా ఒకళ్ళ తెలుగు ఇంకొకళ్ళకి సగమే అర్థమైంది. ఆ మిగతా సగం నవ్వుకోవడానికి పనికొచ్చింది.

మనుషుల్ని ఏళ్ళ తరబడి పైనుంచే చూసీ చూసీ ఆయనకి మొహాలు గుర్తుండేవి కావు. నడినెత్తులు గుర్తుండేవి. లిఫ్టు దగ్గర మా మేనేజరు ఎదురొచ్చి నిలబడితే, ఎవరో కొత్తాయన అన్నట్టు తెల్లమొహం వేసేవాడు. మేనేజరు విసుక్కుని వెనక్కి తిరిగేవాడు. ఆ బట్టతల కనబడగానే మనవాడు బూట్లు టకీమనిపించి "గుడ్ మార్నింగ్ సర్!" అని సెల్యూట్ కొట్టేవాడు. పాపం ఆ మేనేజరు ఇంత మర్యాద తన వీపుకే ఎందుకు జరుగుతోందో తెలియక ఏళ్ళపాటు అనుమానంతోనే బతికాడు.

నాతో మాట్లాడాలన్నా అంతే. ముందు మునివేళ్ళ మీద లేచి నా తల పైభాగం చూసేవాడు. అప్పుడు గానీ నేను నేనేనని నమ్మకం కుదిరేది కాదు. ఒకరోజు అలాగే లేచి చూసి, "చెల్లె, ఇయ్యాల నీ పాపట వంకరవోయింది. పొద్దుగాల ఇంట్ల లొల్లి గిట్ల అయిందా?" అన్నాడు.

"మా ఇంటి సంగతి మీకెందుకండీ?" అని కస్సుమన్నాను. అయింది మరి. ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా ఫ్లాటుకి ఉన్నది ఒక్కటే అద్దం. దాని ముందు మా ఆయన గడ్డం గీసుకుంటూ కదలకపోతే నేను పాపట ఎలా తీసుకోను?

ఆయనకి ఇంకో అలవాటుండేది. కెమెరాలు తిప్పే చిన్న కర్ర ఒకటుంటుంది, జాయ్‌స్టిక్కు. అది చేతిలో లేకపోయినా ఆయన కుడి బొటనవేలు తిరుగుతూనే ఉండేది. మనం చెప్పేది ఆసక్తిగా ఉంటే ఆ వేలు ముందుకి వంగేది, అంటే దగ్గరికి లాగి చూస్తున్నాడన్నమాట. సోది చెబుతుంటే పక్కకి గబగబా తిరిగేది, అంటే జల్దీ పోనియ్యమని. నేను మా అత్తగారి సంగతులు ఎత్తుకున్నప్పుడల్లా ఆ వేలు గిర్రున తిరిగేది. అది చూసి నాకు ఒళ్ళు మండేది.

ఎవరేం అడిగినా "ఆల్ నార్మల్" అనేవాడు. అన్నం తిన్నారా అంటే ఆల్ నార్మల్. జ్వరం తగ్గిందా అంటే ఆల్ నార్మల్. ఇంటి దగ్గర బర్రె ఈనిందని వార్తొచ్చిన రోజున కూడా, "దుడ్డె పుట్టింది, ఆల్ నార్మల్" అన్నాడు.

ఇక ఫోను సంగతి చెప్పాలి. వాళ్ళావిడ వీడియో కాల్ చేస్తే ఆయన ఫోను ఎత్తి, కెమెరాని ఫ్యాను వైపు తిప్పి మాట్లాడేవాడు. ఎన్నేళ్ళుగానో ఆమెకి కనబడుతున్నది బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులోని ఒక సీలింగు ఫ్యాను. ఒకసారి మా ఆఫీసులో ఉండగా కాల్ వస్తే ఫోను నాకిచ్చాడు. ఆమె నన్ను చూసి సంబరపడి, "వదినె, గా దుబాయ్‌ల మీ అన్న మొగం ఎట్లున్నదో జెర నువ్వన్న చెప్పు. మీసం ఉన్నదా, తీసిండా?" అని అడిగింది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకిది దుబాయే. మీసం ఉందని చెప్పాను. కొంచెం నెరిసిందనీ చెప్పాను.

"ఎందుకన్నా, ఒక్కసారి మొహం చూపిస్తే అరిగిపోతారా?" అని తర్వాత గట్టిగానే అడిగాను.

"సూసెటోడు కనవడద్దు చెల్లె," అన్నాడు. "నాకు అలవాటు తప్పింది. నా దిక్కు కెమెరా తిరిగితే ఏం తప్పు జేసిన్నో అని గుండె దడదడమంటది."

కెమెరా అరవై నాలుగు కథ ఇలాంటి మనిషికి తగిలింది కాబట్టే అంత దూరం వెళ్ళింది.

ఒక సెప్టెంబరులో మా టవర్‌కి కొత్త కెమెరా సిస్టమ్ పెట్టారు. ఈజిప్టు టెక్నీషియన్ ఒకాయన వచ్చి, ఏదడిగినా "మాఫీ ముష్కిల్", అంటే ఏం ఇబ్బంది లేదు, అంటూ గోడంతా తెరలు అమర్చి వెళ్ళిపోయాడు. మన కెమెరాలు అరవై మూడే. కొత్త సిస్టమ్ పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఆయన ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడగలిగే ఏదో ఊరి కెమెరాని అరవై నాలుగో గడిలో పెట్టి, తీసేయడం మర్చిపోయాడు. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మావాడికి తెలిసిందల్లా ఒక్కటే: తెర మీద ఏది కనబడితే అది మన బిల్డింగే, దాన్ని కాయడం తన డ్యూటీ.

"కెమెరా అరవై నాలుగు. ఒక పెద్దమనిషి, ఒక కుక్క. ఆల్ నార్మల్," అని చెప్పాడు మొదటిరోజు. నేను టైపు చేశాను. నన్నేమీ అనకండి, చెప్పింది టైపు చేయడమే నా ఉద్యోగం.

"కెమెరా అరవై నాలుగు. పోరగాండ్లు సంచులేసుకొని గుట్ట మీదికి ఎక్కుతున్నరు. ఆల్ నార్మల్." అదీ టైపు చేశాను.

"కెమెరా అరవై నాలుగుల పొద్దంత చీకటే ఉంటది చెల్లె, రెండు దాటినంక ఎవరో లైటేస్తరు," అన్నాడింకో రోజు. కరెంటు వాళ్ళకి కంప్లయింటు కూడా రాశాను.

తర్వాత ఒక సాయంత్రం వచ్చి, "అరవై నాలుగుల వాన," అన్నాడు. నా వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"వానేంటండీ బాబూ! దోహాలో, ఈ ఎండల్లో!"

"అదే నాకు సమజైతలేదు. గా వీధి మన బిల్డింగ్‌ల ఏడున్నదో అని బేస్‌మెంట్ అంత దేవులాడిన. దొర్కుతలేదు."

"బిల్డింగ్ లోపల వీధి ఎలా ఉంటుందన్నా? చెట్లూ, కొండా..."

"ఎందుకుండదు? ఎడారిల మంచు పరిచి ఆడుకునెటోళ్ళు, చెట్లు నాటలేరా?"

ఇద్దరం కలిసి వెతికాం. నిజంగా! తాళం చెవుల గుత్తి పట్టుకుని గోడౌన్లు, పంపుల గది, ఎవరూ వెళ్ళని మెట్ల దారి, అన్నీ తిరిగాం. ఒక అమెరికా ఊరి కోసం ఒక జగిత్యాల ఆయనా ఒక అమలాపురం ఆవిడా దోహా బేస్‌మెంట్లో టార్చిలైటు వేసి గాలించారని ఎవరికైనా చెబితే నమ్ముతారా? చివరికి టెక్నీషియన్నే పిలిపిస్తే, ఆయన నవ్వి నవ్వి కుర్చీలో కూలబడి, అది అమెరికాలో అపలాచియన్ కొండల నడుమ ఉన్న కాలేజీ ఊరని చెప్పి, ఆ గడిని ఖాళీ చేసేశాడు.

మనవాడు ఆ ఖాళీ గడి వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, "గా లింకు నా ఫోన్‌ల ఎయ్యవా సాబ్?" అని అడిగాడు.

అప్పటి నుంచి మధ్యాహ్నం మూడున్నర చాయ్ విరామంలో ప్యాంట్రీలో మా ఇద్దరికీ అదే సినిమా. మనకి మూడున్నర అంటే వాళ్ళకి తెల్లారి పనులు మొదలయ్యే వేళ. ఊరు మరీ పెద్దది కాదు, చిన్నదీ కాదు. కొండ మీద కాలేజీ, కొండ కింద ఏరు, ఏటి పక్కన పట్టాలు. ఆ పట్టాల మీద బొగ్గు బండి వచ్చిందంటే మావాడు చాయ్ పక్కన పెట్టేవాడు. వాళ్ళ మేనమామ బొగ్గు బావిలో పనిచేశాడట. "గోదావరిఖనిల పెద్ద కాలేజి వెట్టినట్టున్నది చెల్లె ఈ ఊరు," అనేవాడు.

కెమెరాకి మాట వినబడదు. ఆ లోటు ఆయన తీర్చేవాడు. కుక్కతో నడిచే ముసలాయనకి పటేల్ అని పేరు పెట్టాడు. మూలమీద బేకరీ నడిపే ఆవిడ రొట్టెలక్క. పటేల్ బేకరీ ముందు ఆగి టోపీ ఎత్తగానే మావాడు గొంతు మార్చి, "ఏమక్కా, రాత్రి మోకాలు నొప్పి తగ్గిందా?" అనేవాడు. వెంటనే సన్నగొంతుతో, "యాడ తగ్గుతది పటేలా, ఈ గుట్టలు ఎక్కీ ఎక్కీ మోకాళ్ళు వాయె!" అనేవాడు. కుక్కకి కూడా మాటలుండేవి, అవి ఇక్కడ రాయను. కాలేజీ ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారాల్లో ఊరు ఊరంతా ఒకటే రంగు చొక్కాలు తొడుక్కుని, బ్యాండు మేళంతో ఆ ఏటవాలు వీధిలో దిగుతుంటే, "అమ్మో, జాతర!" అని తానే చిందేసినంత పని చేసేవాడు. కాలేజీ తెరిచే వారంలో తండ్రులు పరుపులు నెత్తిన పెట్టుకుని పిల్లల్ని గదుల్లో దింపి, కారెక్కేముందు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అది చూసిన రోజు మాత్రం ఆయన గొంతులు మార్చలేదు.

"ఇది గూడ క్యాంపే చెల్లె," అన్నాడు. "వచ్చుడు, నాలుగేండ్లు ఉండుడు, పోవుడు."

మరుసటి ఏడు చలికాలంలో ఒకరోజు ఆ వీధి మొత్తం మంచుతో తెల్లబడింది. బేకరీ ముందు ఒక కుర్రాడు నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి వెల్లకిలా పడ్డాడు. పడి, కాళ్ళూ చేతులూ టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

"మ్యాన్ డౌన్!" అని అరిచాడు మావాడు. చాయ్ నా చీర మీద పడింది. "ఫిట్సు! చెల్లె, పోరనికి ఫిట్సు! ఎవ్వరు సూస్తలేరు! ఫోన్ గొట్టు!"

డ్యూటీ నేర్పిన మనిషి. మనిషి పడిపోతే ముందు 'మ్యాన్ డౌన్' అని అరవాలి, తర్వాత దగ్గరలో ఉన్నవాళ్ళకి చెప్పాలి. దగ్గరలో ఉన్నవాళ్ళెవరు? రొట్టెలక్క. గూగుల్లో బేకరీ నంబరు దొరికింది. ఇద్దరం ఆఫీసులోకి పరిగెత్తి, అక్కడి ఫోన్లోంచి అమెరికాకి కాల్ చేశాను, దేవుడు నన్ను క్షమించాలి, మా మేనేజరు క్షమించకపోయినా ఫరవాలేదు.

"మేడమ్, మీ షాపు ముందు ఒక మనిషి పడిపోయాడు! ఫిట్స్!"

"ఎవరమ్మా మాట్లాడేది?"

"దోహా నుంచి మేడమ్, ఖతర్! సీసీటీవీ!"

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత ఆమె ఆప్రాన్‌తోనే బయటికి పరిగెత్తడం ఫోన్ తెర మీద చూశాం. ఆమె వెళ్ళేసరికి కుర్రాడు లేచి, మంచు దులుపుకుని, ఈల వేసుకుంటూ పోతున్నాడు. వాడు పడుకున్నచోట మంచులో రెక్కలున్న బొమ్మ అచ్చు పడింది. ఆమె లోపలికొచ్చి ఫోను అందుకుని ఎంతసేపు నవ్విందో! మంచు కురిస్తే అక్కడి పిల్లలు అలా పడుకుని చేతులూ కాళ్ళూ ఆడించి దేవదూత అచ్చు వేస్తారట. ఆట. అంతే.

నేను తెలుగులో చెప్పాను. మావాడి మొహం మాడిపోయింది. "దేవదూతనా? గట్ల మంచుల పండుకొనా? మా దిక్కు రాళ్ళవాన పడ్తది. గిట్ల పండుకుంటే ఈపు పలుగుతది!"

ఆయన అన్నదీ ఆమెకి చెప్పాను. ఆమె మళ్ళీ నవ్వింది. తర్వాత "ఆ కెమెరా ఎక్కడుంది?" అని అడిగింది. ఆ వీధిలోనే ఏళ్ళుగా ఉంటున్న ఆమెకి అక్కడొక కెమెరా ఉన్నట్టే తెలియదు! ఎదురుగా స్తంభం మీద అని చెప్పాను. ఆమె బయటికొచ్చి, తలెత్తి వెతికి, దొరకబుచ్చుకుని, పిండి అంటిన చెయ్యి ఎత్తి ఊపింది.

మావాడు కుర్చీలోంచి లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. ఫోనుకి సెల్యూట్ కొట్టాడు. ఇన్నేళ్ళుగా వేలమందిని చూశాడు, వాళ్ళలో ఒక్కరూ తిరిగి ఆయన్ని చూడలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "మనకే ఊపుతున్నది చెల్లె. పక్కా మనకే," అన్నాడు.

ఆ తర్వాత రోజూ తలుపు తీసే ముందు ఆమె చెయ్యి ఊపేది. ఆయన సెల్యూట్ కొట్టేవాడు. అప్పుడప్పుడూ నేను ఫోను కలిపేదాన్ని. బేకరీ వాళ్ళ నాయనమ్మదట. గనుల్లోకి దిగేవాళ్ళు జేబులో పెట్టుకునేందుకు మాంసం కూరిన బన్నులు కాల్చేదట. "సద్ది!" అని ఎగిరాడు మావాడు. వాళ్ళ మాట తీరుని మిగతా అమెరికా వాళ్ళు ఎగతాళి చేస్తారని కూడా ఆమె చెప్పింది.

"అంటే యాస ఉన్నదా?"

"ఉంది. నాకే సగం అర్థం కావట్లేదు."

"యాస ఉన్నదంటే మనోళ్ళే," అని తేల్చేశాడు.

ఇంత సంతోషం ఎక్కువకాలం నిలవనిస్తారా? వేసవి ముందు ఒకరోజు ఆమె ఫోన్లో దిగులుగా చెప్పింది. ఆ కెమెరా పాతబడిందట, ఎవరూ చూడట్లేదట, తీసేయాలని అక్కడి ఊరి కమిటీ అనుకుంటోందట. మీటింగు ఉంది, ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చు, కంప్యూటర్‌లో వీడియో ద్వారా కూడా మాట్లాడొచ్చు. "మీరు చూస్తున్నారని మీరే వాళ్ళకి చెప్పాలి," అంది. వాళ్ళకి పొద్దున తొమ్మిది, మాకు సాయంత్రం నాలుగు.

"నువ్వు మాట్లాడు చెల్లె," అన్నాడు.

"నేనెందుకు? చూసేది మీరు. మొహం చూపించాలి, అంతే కదా!"

"నాతోని కాదు."

"అయితే పోనివ్వండి. పటేల్‌నీ కుక్కనీ రొట్టెలక్కనీ మర్చిపోండి. మీకా ఫ్యానుంది కదా, దాన్ని చూసుకోండి." కోపంలో ఎంత మాటొస్తే అంత అనేశాను. ఆయన బొటనవేలు తిరగడం ఆగిపోయింది.

మీటింగు రోజున సూపర్‌వైజర్‌ని బతిమాలి గంట సెలవు తీసుకుని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మా ఆఫీసుకొచ్చాడు. నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. అవతల పొడవాటి బల్ల వెనక ఆరేడుగురు పెద్దమనుషులు, వెనక కుర్చీల్లో రొట్టెలక్క. మావాడి వంతు వచ్చింది. కెమెరా ఆన్ చేశాను. ఆయన తల వంచేశాడు. వాళ్ళకి కనబడుతున్నది నడినెత్తి, దాని చుట్టూ నూనె పెట్టి దువ్విన జుట్టు.

"అయ్యా, మీ ముఖం కనిపించట్లేదు. కొంచెం తలెత్తుతారా?" అని అధ్యక్షురాలు మర్యాదగా అడిగింది.

"తలెత్తండి అన్నా," అని మోచేత్తో పొడిచాను.

మెల్లగా ఎత్తాడు. తెర మూలన చిన్న గడిలో తన బొమ్మే కనబడింది. దాన్ని చూసి ఉలిక్కిపడ్డాడు. బొటనవేలు ముందుకి వంగింది, దగ్గరికి లాగి చూసే అలవాటు. నా వైపు తిరిగి, "చెల్లె, ఈయనెవరు?" అన్నాడు.

"మీరే."

"ముసలోన్నయిన గద చెల్లె," అన్నాడు, అందరి ముందూ, వాళ్ళకి అర్థం కాని భాషలో. నేను అది అనువాదం చేయలేదు.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆయనొక ముక్క, నేనొక ముక్క. "అందరికి నమస్తే. నేను మీ ఊరు రాలే. వచ్చేదీ లేదు. కాని మీ ఊరు నాకెర్క. మీకు గుట్ట మీద కాలేజి, కింద ఏరు. బొగ్గు తక్కువైతున్నది, పోరగాండ్లు ఎక్కువైతున్నరు. ఆట ఉంటే జాతర, ఎండకాలమొస్తే ఊరు ఖాళీ. అప్పుడు మిగిలేది పటేలు, పటేలు కుక్క, రొట్టెలక్క." పటేల్ ఎవరని వాళ్ళు మొహాలు చూసుకున్నారు. కుక్క ముసలాయన అని చెప్పేసరికి గది గొల్లుమంది. "మా ఖతర్ గూడ గంతే సారూ. అందరం వచ్చిపోయెటోళ్ళమే. గందుకే మీ ఊరు సూస్తే నాకు కొత్త గొట్టదు."

అధ్యక్షురాలు నవ్వు ఆపుకుని అడిగింది: "మీ ఉద్యోగమే కెమెరాలు చూడటం అంటున్నారు. విశ్రాంతి దొరికితే మళ్ళీ మా కెమెరా ఎందుకు?"

మావాడు ఆలోచించాడు. అప్పటికి ఆయనకి మొహం సంగతే గుర్తులేదు. "డ్యూటీల మనిషి కనవడితే, ఎందుకొచ్చిండు, ఏం ఎత్కపోతడు అని సూస్త. మీ ఊళ్ళ మనిషి కనవడితే, వచ్చిండు అని సూస్త. గంతే. వచ్చిండు, సాలు."

అదీ అనువాదం చేశాను. మూడు నిమిషాలైందని గంట మోగింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు, లేచి నిలబడి మరీ కొట్టారు. తర్వాత ఓటు వేసి, కెమెరా తీసేయాలనే తీర్మానించారు. చప్పట్లు చప్పట్లే, ఖర్చు ఖర్చే.

ఆఖరి రోజున రొట్టెలక్క పటేల్‌ని కూడా వెంటబెట్టుకొచ్చింది. పటేల్ టోపీ తీసి పట్టుకున్నాడు. ఆమె రెండు చేతులూ ఊపి, కుక్క ముందుకాలు పట్టుకుని దాంతో కూడా ఊపించింది. మావాడు సెల్యూట్ కొట్టి, చెయ్యి దించలేదు. తెర నల్లబడింది.

"రిపోర్ట్ రాసుకో," అన్నాడు నాతో. "కెమెరా అరవై నాలుగు, ఆఫ్‌లైన్."

మనది కాని కెమెరా. అయినా టైపు చేశాను. ఏడుస్తూ టైపు చేశాను.

ఆ ఏడాదే టవర్ కాంట్రాక్టు ఇంకో కంపెనీకి పోయింది. వేరేచోట డ్యూటీ ఇస్తామన్నారు గానీ ఆయన వద్దన్నాడు. "సూసింది సాలు చెల్లె," అని ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మునివేళ్ళ మీద లేచి నా నడినెత్తి చూసి, "పాపట సక్కగున్నది, ఆల్ నార్మల్," అని దీవించినట్టు చెప్పి బస్సెక్కాడు.

కొన్నాళ్ళకి వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది. కింద ఒకటే మాట: 64. తెరిస్తే ఒక పల్లె వీధి. కిరాణా కొట్టు, ఆటో, కోళ్ళు, స్కూలు పిల్లల నడినెత్తులు. ఇంటి ముందు స్తంభానికి కెమెరా కట్టాడు మహానుభావుడు! అదే లింకు రొట్టెలక్కకీ పంపాడు. ఆమె పాత ట్యాబు ఒకటి గల్లాపెట్టె పక్కన పెట్టి, పొద్దున్నే బన్నులు కొనేవాళ్ళందరికీ జగిత్యాల సాయంత్రాన్ని చూపిస్తోంది. బర్రెలు తోలుకొచ్చే ఆయనకి అక్కడి కుర్రాళ్ళు మేయర్ అని పేరు పెట్టారట. వాళ్ళ గొంతులతో వాళ్ళూ మాటలు పెడతారట.

వదిన రోజూ చీపురు పట్టుకుని బయటికొచ్చి కెమెరాకి చెయ్యి ఊపుతుంది. ఆయన మాత్రం కనబడడు. రొట్టెలక్క నాకు ఫోను చేసినప్పుడల్లా, "అందరూ వస్తున్నారు, ఆయనేడీ?" అని అడిగేది. వదినని కనుక్కుంటే, "కెమెరా వెట్టినకాడికెల్లి ఎనుక దర్వాజల పోతున్నడు వదినె!" అంది. స్వయంగా కట్టుకున్న కెమెరాకి భయపడి పెరటి దారిన తిరిగే మనిషిని ఏమనాలి?

ఇదీ ఆయన. అందుకే వడగళ్ళ వీడియో చూసి "మ్యాన్ డౌన్" అన్నాను.

నవ్వు తగ్గాక అరవై నాలుగు తెరిచాను. మనకి మూడున్నర, వాళ్ళకి ఆరు, ఇంకా వెలుతురుంది. వీధి వీధంతా తెల్లగా ఉంది. వాన వెలిసింది. పిల్లలు దోసిళ్ళతో వడగళ్ళు ఏరుతున్నారు. వదిన నెత్తిన చేట బోర్లించుకుని దేనికో చేతులు తిప్పుతూ అరుస్తోంది. ఎవర్నా అని చూశాను.

వీధి నడిమధ్యన, బనీను లుంగీతో, ఆయన. వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్ళూ చేతులూ టపటపా ఆడిస్తున్నాడు. కింద రాళ్ళు గుచ్చుకుంటున్నాయేమో, ఒక్కో ఊపుకి మొహం చిట్లిస్తున్నాడు, మళ్ళీ ఊపుతున్నాడు. మొహం దాచుకోలేదు, కళ్ళు నేరుగా కెమెరాలోకే పెట్టాడు. మీసం పూర్తిగా తెల్లబడింది. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కెమెరాకి వినబడదు కాబట్టి వదిన మాటలు నేనే పెట్టుకున్నాను: "లే! ఈపు పలుగుతది లే! ఇయ్యాల్నే మొగం సూపియ్యాల్నా!"

ఆఫీసులో ఫోను మోగుతోంది. చాయ్ వదిలేసి పరిగెత్తి ఎత్తాను. అవతల నవ్వో ఏడుపో తెలియని గొంతు, వెనక బేకరీ నిండా కేకలు, ఈలలు.

"మ్యాన్ డౌన్!" అంటోంది రొట్టెలక్క. "చూశావా? ఆయనే కదా? మ్యాన్ డౌన్!"

కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, రిపోర్టు చెప్పాను.

"ఆల్ నార్మల్ మేడమ్."